కంచం మీద నంబరు: ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కార్డు చిరునామా మార్చుకోవడం ఎలా?

  ఈ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని మాలో మేము చాలాసేపు అనుకున్నాం. చివరికి, చదివిన వాళ్ళు చేత్తో చేసి చూడగలిగే విషయం ఒకటి రాద్దామని నిర్ణయించుకున్నాం. అదే నెట్‌వర్క్ కార్డు చిరునామా సంగతి. ఈ విద్య మనకు ఒకసారి మేలు చేసింది, ఒకసారి కీడు చేయబోయింది. రెండూ చెబుతాం.

ఆ ఆదివారం రాత్రి

స్టడీ రూములో ఒక పాత కంప్యూటరు ఉండేది. దానికి కేబుల్ ఆపరేటరు దగ్గర తీసుకున్న ఇంటర్నెట్ కనెక్షను ఉండేది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజులవి. ఒక ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఆ రాత్రి పన్నెండు గంటలే గడువు. ముగ్గురు తమ్ముళ్ళ దరఖాస్తులు ఇంకా పంపాల్సి ఉంది. సాయంత్రం గాలివాన వచ్చింది. తోటల్లో మామిడి కాయలు రాలాయి, పిడుగు పడింది, మన కంప్యూటరు పోయింది. కరెంటు తిరిగి వచ్చినా అది లేవలేదు.

మా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉంది. అందులో లినక్స్ వేసుకున్నాం. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, పాత మిషను మీద కూడా బాగా నడుస్తుంది. అదే కేబులు తీసి దీనికి పెట్టాం. లైటు వెలిగింది కానీ ఇంటర్నెట్ రాలేదు. ఆపరేటరుకు ఫోను చేస్తే, "మీ కనెక్షను ఆ పాత కంప్యూటరు నంబరు మీద రిజిస్టరు అయి ఉంది, మార్చాలంటే రేపు ఆఫీసు తెరవాలి" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. అప్పట్లో చాలామంది ఆపరేటర్లు అలాగే ఇచ్చేవారు. ఒక కనెక్షను, ఒక కార్డు నంబరు.

అయితే కనెక్షను ఇచ్చిన రోజున వచ్చిన కుర్రాడు ఆ నంబరును మార్కరుతో సీపీయూ పెట్టె పక్కన రాసి వెళ్ళాడు. ఆ పన్నెండు అక్షరాలు చూసి ల్యాప్‌టాప్‌లో నాలుగు ఆదేశాలు ఇచ్చాం. ఇంటర్నెట్ వచ్చింది. పదకొండు లోపు మూడు దరఖాస్తులూ వెళ్ళిపోయాయి. మర్నాడు ఆపరేటరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ల్యాప్‌టాప్ సొంత నంబరును రిజిస్టరు చేయించుకున్నాం.

ఆ నాలుగు ఆదేశాలు ఏమిటో, అవి ఎందుకు పని చేశాయో ఇప్పుడు చూద్దాం.

అసలు ఈ చిరునామా ఏమిటి?

మన హాస్టల్‌లో చేరగానే ఏం చేస్తాం? స్టీలు కంచం మీద నంబరు కొట్టించుకుంటాం. కంచాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరిది ఏదో తెలియాలంటే నంబరు కావాలి. నెట్‌వర్క్ కార్డుకు కూడా అలాగే ఫ్యాక్టరీలోనే ఒక నంబరు కొట్టి పంపిస్తారు. దీన్నే మ్యాక్ అడ్రస్ అనీ, హార్డ్‌వేర్ అడ్రస్ అనీ అంటారు. కేబులు పెట్టే కార్డుకు ఒకటి, వైఫై కార్డుకు ఒకటి, బ్లూటూత్‌కు ఒకటి ఉంటాయి. అంటే ఒక ల్యాప్‌టాప్‌కు రెండు మూడు నంబర్లు ఉన్నా ఆశ్చర్యపోకండి.

ఈ నంబరు పొడవు 48 బిట్లు. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా, మధ్యలో రెండు చుక్కలు పెట్టి రాస్తారు. ఇందులో 0 నుంచి 9 దాకా అంకెలు, ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వస్తాయి. మొత్తం 281 లక్షల కోట్లకు పైగా నంబర్లు సాధ్యం. మొదటి మూడు జతలు తయారీదారు గుర్తు. వాటిని అమెరికా కేంద్రంగా పని చేసే ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ కంపెనీలకు కేటాయిస్తుంది. మిగిలిన మూడు జతలు కంపెనీ తన కార్డులకు వరుసగా ఇచ్చుకుంటుంది. ఒక్క గుర్తు కింద 1,67,77,216 కార్డులకు నంబర్లు ఇవ్వవచ్చు.

దీని చరిత్ర కూడా కొంచెం తెలుసుకుందాం. కంప్యూటర్లను ఒకే తీగ మీద కలిపే ఈథర్‌నెట్ అనే పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించారు. మొదట్లో చిరునామా 8 బిట్లే. అంటే 256 నంబర్లు. ఒక ఆఫీసుకు సరిపోతాయి, ప్రపంచానికి సరిపోవు. 1980లో డెక్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన ప్రమాణంలో 48 బిట్ల చిరునామా వచ్చింది. నేటికీ అదే వాడుతున్నాం.

ఐపీ అడ్రస్‌కు, దీనికి తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. ఐపీ అడ్రస్ మన మంచం ఉన్న చోటు లాంటిది. ఈ ఏడాది మూడో గది, వచ్చే ఏడాది ఐదో గది. కార్డు చిరునామా కంచం మీద నంబరు లాంటిది. గది మారినా కంచం అదే. ఇంకో ముఖ్యమైన సంగతి: కార్డు చిరునామా మన గదిలోని రూటరు దాకానే వెళుతుంది. అక్కడి నుంచి ముందుకు ఐపీ అడ్రస్‌తోనే ప్రయాణం. కాబట్టి కార్డు నంబరు మార్చుకుంటే ఇంటర్నెట్‌లో మనం ఎవరో తెలియదని అనుకోవడం పొరపాటు. మీరు చూసే వెబ్‌సైటుకు మామూలుగా ఆ నంబరు అసలు చేరనే చేరదు.

కొట్టిన నంబరు ఎలా మారుతుంది?

నిజానికి కార్డు మీద కొట్టిన నంబరు మారదు. మారేది కంప్యూటరు పలికే నంబరు.

మెస్ లైనులో వడ్డించే ఆయన ప్రతి కంచం తిరగేసి చూడరు. "నంబరెంత?" అని అడుగుతారు, మనం చెబుతాం, ఆయన రాసుకుంటారు. నెట్‌వర్క్‌లోనూ అంతే. కార్డులో నంబరు ఒక చిన్న చిప్‌లో భద్రంగా ఉంటుంది. కంప్యూటరు ఆన్ కాగానే లినక్స్ దాన్ని చదివి, తన దగ్గర రాసుకొని, పంపే ప్రతి సమాచార పొట్లం మీద పంపినవారి చిరునామాగా వేస్తుంది. అవతలి స్విచ్‌కు, రూటరుకు తెలిసేది ఆ పొట్లం మీద ఉన్నదే. లినక్స్‌కు మనం వేరే నంబరు ఇస్తే అదే వేస్తుంది. కంప్యూటరు ఆపి మళ్ళీ పెడితే చిప్‌లోని పాత నంబరే తిరిగి వస్తుంది. అందుకే ఇందులో కార్డు పాడవుతుందన్న భయం లేదు.

చేసే పద్ధతి

ఇక్కడ ఆదేశాలను తెలుగు అక్షరాల్లో అచ్చు వేశాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడాలి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. సుడో అంటే ఎస్, యు, డి, ఓ. డెవ్ అంటే డి, ఈ, వి. ఈటీహెచ్0 అంటే ఈ, టి, హెచ్ పక్కనే సున్నా, మధ్యలో ఖాళీ లేకుండా.

మొదట టెర్మినల్ తెరిచి ఈ ఆదేశం ఇవ్వండి:

ఐపీ లింక్ షో

మీ కార్డుల పేర్లు వరుసగా వస్తాయి. కేబులు కార్డు పేరు పాత లినక్స్‌లలో ఈటీహెచ్0 అని ఉంటుంది. కొత్త వాటిలో ఈఎన్ అక్షరాలతో మొదలవుతుంది. వైఫై కార్డు పేరు డబ్ల్యూఎల్ అక్షరాలతో మొదలవుతుంది. ఎల్ఓ అని కనిపించేది కార్డు కాదు, దాన్ని వదిలేయండి. కార్డు పేరు కింద లింక్/ఈథర్ అన్న మాట పక్కన ఉన్నదే ఇప్పటి చిరునామా. దాన్ని ముందుగా నోటుబుక్కులో రాసుకోండి. ఇది మరిచిపోవద్దు.

ఇక మార్చే మూడు ఆదేశాలు:

సుడో ఐపీ లింక్ సెట్ డెవ్ ఈటీహెచ్0 డౌన్

సుడో ఐపీ లింక్ సెట్ డెవ్ ఈటీహెచ్0 అడ్రస్ 02:15:37:48:60:91

సుడో ఐపీ లింక్ సెట్ డెవ్ ఈటీహెచ్0 అప్

మొదటిది కార్డును ఆపుతుంది. చాలా కార్డులు నడుస్తూ ఉండగా నంబరు మార్చనివ్వవు. రెండోది కొత్త నంబరు ఇస్తుంది. మూడోది కార్డును మళ్ళీ లేపుతుంది. ఈటీహెచ్0 ఉన్న చోట మీ కార్డు పేరు రాయాలి. సుడో అని ఇచ్చినప్పుడు పాస్‌వర్డు అడుగుతుంది. టైపు చేస్తుంటే తెర మీద ఏమీ కనబడదు, కంగారు పడకండి. తరువాత ఐపీ లింక్ షో అని మళ్ళీ ఇచ్చి నంబరు మారిందో లేదో చూసుకోండి. ఫ్యాక్టరీ నంబరు ఏదో తెలుసుకోవాలంటే ఈథ్‌టూల్ -పి ఈటీహెచ్0 అని ఇవ్వాలి. ఇక్కడ పి మాత్రం పెద్ద అక్షరం. పాత పుస్తకాల్లో ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశం కనిపిస్తుంది. అది చేసేదీ ఇదే పని.

ఏ నంబరు పడితే అది ఇవ్వవచ్చా? ఇవ్వకూడదు. మొదటి జతలో రెండో అక్షరం చూడండి. అది 1, 3, 5 లాంటి బేసి అంకె అయితే, లేక బీ, డీ, ఎఫ్ అయితే ఆ చిరునామా ఒక్కరిది కాదు, ఒక గుంపుది అని అర్థం. దాన్ని లినక్స్ ఒప్పుకోదు. ఆ రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే "ఇది ఫ్యాక్టరీ నంబరు కాదు, ఇక్కడ మేము పెట్టుకున్నది" అని అర్థం. సొంతంగా నంబరు పెట్టుకునే వారి కోసమే ప్రమాణంలో ఈ చోటు వదిలారు. మేము పైన 02తో మొదలు పెట్టింది అందుకే. ఇలా పెట్టుకుంటే ఏ కంపెనీ కార్డుతోనూ తగాదా రాదు.

ఇదంతా టైపు చేయడం కష్టమనిపిస్తే మ్యాక్‌చేంజర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. -ఆర్ అని ఇస్తే ఏదో ఒక నంబరు పెడుతుంది. -పి అని ఇస్తే పాత నంబరు తిరిగి పెడుతుంది. ఇక్కడ రెండూ చిన్న అక్షరాలే.

వైఫై విషయంలో ఒక చిక్కు ఉంది. మనం పెట్టిన నంబరును నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాము కొన్నిసార్లు మార్చేస్తుంది. అప్పుడు సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు పక్కన ఉన్న పళ్ళ చక్రం గుర్తు నొక్కి, ఐడెంటిటీ పేజీలో క్లోన్డ్ అడ్రస్ అన్న గడిలో నంబరు రాయండి. ఇది కంప్యూటరు ఆపి పెట్టినా పోదు. కొన్ని కార్డుల డ్రైవర్లు నంబరు మార్చడానికి అసలు ఒప్పుకోవు. అలాంటప్పుడు మీ తప్పేమీ లేదని తెలుసుకోండి.

కీడు చేయబోయిన సంగతి

ఇక్కడి దాకా మేము తమ్ముళ్ళకు ఎంతో ఉత్సాహంగా నేర్పాం. మరుసటి ఏడాది స్టడీ రూములో వైఫై రూటరు పెట్టాం. అందరూ ఒకేసారి వాడితే వేగం చాలదని, దరఖాస్తులు పంపే ల్యాప్‌టాప్‌తో పాటు మరో రెండు మిషన్ల నంబర్లకే అనుమతి ఇచ్చాం.

ఒక రాత్రి ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతున్నాడు. ఆదాయ ధ్రువీకరణ పత్రం, కుల ధ్రువీకరణ పత్రం ఎక్కించాలి. సగం ఎక్కగానే లైను తెగిపోతుంది. మళ్ళీ మొదలు పెడతాడు, మళ్ళీ తెగిపోతుంది. గడువు ఆ రాత్రే. మేము రూటరు ఆపి పెట్టాం, కేబులు మార్చాం, మనసులో ఆపరేటరును తిట్టుకున్నాం. రెండు గంటలు గడిచాయి. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. స్కాలర్‌షిప్ రాకపోతే కాలేజీ ఫీజు ఎక్కడి నుంచి తెస్తాడు?

చివరికి రూటరు చిట్టా తెరిచి చూస్తే, ఒకే కార్డు నంబరు కింద కాసేపు ఒక కంప్యూటరు పేరు, కాసేపు ఇంకో కంప్యూటరు పేరు కనిపించాయి. విషయం అర్థమైంది. సెలవులకు వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు, పక్క గదిలో తన ల్యాప్‌టాప్‌కు స్టడీ రూము ల్యాప్‌టాప్ నంబరు పెట్టుకొని పాటలు దించుకుంటున్నాడు. వాడికి ఆ విద్య నేర్పింది మేమే. మేము అడగకముందే వాడే వచ్చి, "అన్నా, నేనే" అని ఒప్పుకున్నాడు. వాడు ఆపేసిన ఇరవై నిమిషాల్లో దరఖాస్తు వెళ్ళిపోయింది. అప్పటికి టైము పదకొండు నలభై.

ఎందుకు అలా జరిగింది? రూటరు ఒక నంబరుకు ఒకే మనిషి ఉంటాడని నమ్ముతుంది. ఇద్దరు ఒకే నంబరు చెబితే ఇద్దరినీ ఒకరే అనుకుంటుంది. వైఫైలో అయితే రెండోవాడు కలవగానే మొదటివాడితో ఏర్పరచుకున్న రహస్య తాళం చెల్లకుండా పోతుంది. కేబులు స్విచ్‌లో అయితే ఆ నంబరు ఏ రంధ్రం వైపు ఉందో అన్న లెక్క క్షణక్షణం మారిపోతుంది. ఒకరికి రావలసిన జవాబు ఇంకొకరికి పోతుంది. చివరికి ఇద్దరికీ సరిగా పని జరగదు.

ఆ రాత్రి మేము ఆ కుర్రాణ్ణి పెద్దగా ఏమీ అనలేదు. తప్పులో సగం మాది. ఎలా మార్చాలో చెప్పాం, ఎప్పుడు మార్చకూడదో చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మార్చుకోవడం వేరు, ఎత్తుకోవడం వేరు

మన కనెక్షనుకే, మన చచ్చిపోయిన మిషను నంబరు పెట్టుకొని, మర్నాడు చెప్పేయడం ఒక పద్ధతి. బతికి ఉన్న ఇంకొకరి నంబరు పెట్టుకొని వారి వంతు తినడం ఇంకో పద్ధతి. ఆదేశాలు మాత్రం రెండింటికీ ఒకటే.

సొంతంగా కొత్త నంబరు పెట్టుకోవడంలో తప్పు లేదు సరికదా, ఇప్పుడు ఫోన్లే ఆ పని చేస్తున్నాయి. వైఫై ఆన్‌లో ఉన్న ఫోను, చుట్టుపక్కల నెట్‌వర్క్ ఏమైనా ఉందా అని వెతికేటప్పుడు తన నంబరు గాలిలో పలుకుతూ ఉంటుంది. 2013లో లండన్ నగరంలో వీధి చెత్తడబ్బాలలో పెట్టిన పరికరాలు దారిన పోయే వారి ఫోన్ల నంబర్లు నమోదు చేస్తున్నాయని బయటపడింది. అక్కడి కార్పొరేషన్ వాటిని ఆపమంది. 2014లో ఐఫోను, నెట్‌వర్క్ వెతికేటప్పుడు ఉత్తుత్తి నంబరు చెప్పడం మొదలు పెట్టింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో నంబరు చెప్పడం మామూలైంది. 2020లో ఐఫోనులోనూ అదే వచ్చింది. మీ ఫోను నంబరు రిజిస్టరు చేయించినా వైఫై రావడం లేదంటే కారణం ఇదే కావచ్చు. ఆ వైఫై సెట్టింగులో ఫోను అసలు నంబరు వాడేలా ఎంచుకోండి.

ఇక చట్టం సంగతి. సొంత కార్డు నంబరు మార్చడమే నేరం కాదు. కానీ మోసపు ఉద్దేశంతో ఇంకొకరి గుర్తింపు వాడితే 2000 నాటి ఐటీ చట్టంలో 66సీ సెక్షను ఉంది. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అనుమతి లేని నెట్‌వర్క్‌లోకి చొరబడితే అదే చట్టంలో 43, 66 సెక్షన్లు ఉన్నాయి. ఫోను ఐఎంఈఐ నంబరు సంగతి పూర్తిగా వేరు. దాన్ని మార్చడమే నేరమని, మూడేళ్ళ దాకా శిక్ష పడుతుందని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం చెబుతోంది. ఆ జోలికి వెళ్ళవద్దు.

చదువుకునేవారంతా తెలుసుకోవలసిన కేసు ఒకటి అమెరికాలో జరిగింది. ఆరన్ స్వార్ట్జ్ అనే యువ ప్రోగ్రామరు 2010లో ఎంఐటీ విద్యాసంస్థ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ భాండాగారంలోని పరిశోధన వ్యాసాలను లక్షల సంఖ్యలో దించుకున్నారు. ల్యాప్‌టాప్ చిరునామాను సంస్థ అడ్డగిస్తే ఆయన దాన్ని మార్చారని అభియోగ పత్రంలో రాశారు. 2011 జనవరిలో అరెస్టయ్యారు. విచారణ మొదలు కాకముందే, 2013 జనవరి 11న, 26 ఏళ్ళ వయసులో చనిపోయారు. జ్ఞానం అందరికీ అందాలన్న ఆయన ఆశయాన్ని, ఆ కేసు పెట్టిన తీరును గురించి ప్రపంచమంతా చర్చించింది. మేము ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయలేదు. కీబోర్డు మీద చిన్న మార్పే అనిపించినది, కోర్టులో ఉద్దేశానికి సాక్ష్యంగా నిలబడుతుందని చెప్పడానికి రాశాం.

నెట్‌వర్క్ చూసుకునే వారికి కూడా ఒక మాట. కార్డు నంబర్ల జాబితా తాళం కాదు, హాజరు పట్టీ మాత్రమే. వైఫైకి పాస్‌వర్డు ఉన్నా కార్డు నంబరు మాత్రం గాలిలో విప్పిన ఉత్తరంలాగే వెళుతుంది, తెలిసినవారు చదవగలరు. ఆ సంఘటన తరువాత మేము జాబితాను తీసేసి, గట్టి పాస్‌వర్డు పెట్టాం. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా దరఖాస్తులకే అని గోడ మీద టైంటేబుల్ అతికించాం. ఆ కాగితాన్ని తమ్ముళ్ళే రాశారు. మొదటి పేరు ఆ డిగ్రీ కుర్రాడిదే, టైము చూసే బాధ్యత వాడు తీసుకున్నాడు.

తమ్ముళ్ళూ, పాత ల్యాప్‌టాప్ ఇంకా స్టడీ రూములోనే ఉంది. ఈ సంచిక పక్కన పెట్టుకొని ఒక్కసారి చేసి చూడండి. 02తో మొదలయ్యే సొంత నంబరు పెట్టండి, పని చేస్తోందో లేదో చూడండి, మళ్ళీ పాతది పెట్టేసి లేవండి. మీ మిషన్ల అసలు నంబర్లు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి, ఏదో ఒక గాలివాన రాత్రి అక్కరకు వస్తాయి. గడువు మాత్రం ఆఖరి రాత్రి దాకా పెట్టుకోకండి. అది మేము నేర్చుకోవడానికి రెండు సార్లు పట్టింది.